దండలోకి రాని ఫోటో

రాత్రి ఎనిమిది గంటల పది నిమిషాలు. గాలి లేదు, సన్నని వాన. దబీర్‌పురాలోని ఒక ఫ్లెక్సీ దుకాణంలో రచన కంప్యూటర్ మీద శ్రద్ధాంజలి బ్యానర్ తయారుచేస్తోంది. ఫోటోలోని బసవయ్య ఇంకా ఆసుపత్రిలో ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు. తెల్లవారేసరికి అవసరమవుతుందని కొడుకు దీక్షిత్ పక్కనే నిలబడి ముందే చేయిస్తున్నాడు.

బాణం కీ నొక్కితే ఫోటో తెర మీది పూలదండ వైపు జరుగుతోంది. వేలు తీయగానే వెనక్కి వెళ్తోంది.

“అన్నా, బాపు దండలకు వస్తలేడు.”

“ఇంట్ల గూడ గంతే, చెప్పిన మాట ఇనడు. వేలు తియ్యకు చెల్లె, గట్లనే నొక్కి పట్టు.”

రచన నొక్కిపట్టింది. ఫోటో వణికి, దండలో కుదురుకుంది. అంతలో దీక్షిత్‌కు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది: బసవయ్య ఊపిరి ఇప్పుడే ఆగిందట.

రెండేళ్ల తరువాత దీక్షిత్, ఏ జబ్బూ లేక నిక్షేపంగా తిరుగుతున్న తల్లి ఫోటో అదే దుకాణానికి తెచ్చి, కంప్యూటర్ ముందు రచననే కూర్చోబెట్టమన్నాడు.