చుక్కల్లో పోలమ్మ

“తుడిసేయకమ్మా! నీ కాళ్లట్టుకుంటాను!”

జగ్గారావు అరుపుకి కిరణ్మయి వేలు మౌస్ మీదే ఆగిపోయింది. ఝపటాపూర్‌లో జిరాక్స్ కొట్టు పైన ఒక్క గది ఆఫీసు అది. కంప్యూటర్ తెర మీద న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని జగ్గారావు క్వార్టరు కనిపిస్తోంది. గోడలు, గుమ్మాలు, వరండా, అన్నీ చుక్కలే. ముగ్గు పెట్టి గీతలు కలపడం మరిచిపోయినట్టుంది ఇల్లు.

“తుడవక తప్పదు బాబాయ్. లేజరు మిషను కంటికి ఎదురైందల్లా చుక్కలు చేసి తెచ్చేస్తది. మంచాలు, బట్టలు, మనుషులు. అవన్నీ తీసేసి, మిగిలిన చుక్కల మీద గోడలూ కిటికీలూ గీసి రిపేర్ల కాంట్రాక్టరుకి ఇవ్వాలి. సాయంత్రం బొమ్మ ఇచ్చేస్తే ఈ చుక్కలు కూడా ఉండవు.”

“అందుకే పరిగెత్తుకొచ్చినాను. మిషనెట్టిన రోజు మా ఇంటిది వరండాలో కూకుంది. ఆ ఒక్క ఫొటో తీసియ్యమ్మా.”

“పిన్ని ఫొటోలు ఇంట్లో లేవా?”

“ఉన్నాయి. అవి నాకేటికి? ఆరోజుదే కావాల. మావోడి మొకాన కొట్టాల.”

ఆరోజు మిషను వాళ్లు సామాను సర్దుకున్నాక జగ్గారావు భార్య పోలమ్మను పిలిచాడు. లేవలేదు. కొడుకు వినోద్ ఆటో కోసం పరిగెత్తాడు. రైల్వే గేటు పడి ఉంది. వాడు తెచ్చేసరికి ఆటోతో పని లేకపోయింది. అప్పటినుంచి కొడుకుని గడప తొక్కనివ్వలేదు జగ్గారావు. వాడు కేరియర్‌లో కూర తెస్తే కుక్కలకి పోశాడు. ఇప్పుడూ పిలవకుండానే వెంట వచ్చి, కింద ఎండలో సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు వాడు.

“నిక్షేపంలాగ కూకున్న తల్లిని గేటుకాడ సంపీసినాడు, ఎదవ. ఎలాగుందో సూసుకోమంటాను.”

కిరణ్మయి చుక్కల ఇంటిని మెల్లగా తిప్పింది. వరండా ముందుకొచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలో పోలమ్మ. ముడి, భుజం మీది కొంగు, కుర్చీ చెయ్యి మీద ఆనించిన చెయ్యి, ఆ చేతిలో టీ గ్లాసు.

“సూడు, ఎంత బుద్ధిగా కూకుందో!” జగ్గారావు తెర దగ్గరికి వంగాడు. “‘కదిలినావంటే కాళ్లిరగ్గొడతాను’ అని నానే కేకేసినాను. ముప్పై యేళ్లలో నామాట ఇన్నది ఆ ఒక్క పాలే.”

కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“ఇదేటి? నాను గుమ్మంకాడున్నాను, కొళాయికాడున్నాను, మెట్లకాడా ఉన్నాను. ముగ్గురు జగ్గారావులేటి?”

కిరణ్మయి నవ్వింది. “మిషను మూడు చోట్ల పెట్టి మూడుసార్లు తిప్పినారు బాబాయ్. గంట పని. ఆ మూడూ కలిపితే ఇది. మధ్యలో కదిలిందల్లా రెండేసి, మూడేసి పడతది. ఎంత కుదురుగా కూర్చున్నా మనిషి తల అటో ఇటో తిరగకుండా ఉండదు కదా. అదిగో, మీ పక్కింటావిడ మెట్టు దిగకుండా కూర్చుంది. తల రెండుగా లేదూ?”

“దానికెప్పుడూ రెండు నాలికలే.”

అతని నోరు నవ్వింది. చూపు మాత్రం కుర్చీ కిందికి పోయింది. పోలమ్మ పాదం పక్కన మరో గ్లాసు పడి ఉంది.

“నానిచ్చింది ఒక్క గ్లాసే. నీ మిషను అబద్ధాలాడతంది. టీ సుక్క కిందడితే తుడిసీదాకా నిలవలేని మనిషది. గ్లాసు దొర్లిపోతే ఊరుకుంటదా?”

కిరణ్మయి నవ్వు ఆగిపోయింది. తెరవైపు చూసింది. అతనివైపు చూడలేదు.

“మిషను తప్పే బాబాయ్. ఇంక వద్దు. తుడిచేస్తాను.”

ఆమె చెయ్యి మౌస్ మీదికి పోయింది. జగ్గారావు ఆ మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

“ఆగు.”

రెండో చేతి చూపుడువేలు తెర మీద పెట్టాడు. చేతిలో గ్లాసు, నేల మీద గ్లాసు. గుమ్మం దగ్గర జగ్గారావు, కొళాయి దగ్గర జగ్గారావు, మెట్ల దగ్గర జగ్గారావు. పక్కింటావిడకి రెండు తలలు. వేలు పాకుతూ కుర్చీ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

“నాన్నా!” కిందినుంచి వినోద్ పిలిచాడు. “ఎండెక్కిపోతంది. ఎల్దామా?”

జగ్గారావు వేలు తెర మీంచి తీయలేదు.

మిషను మూడుసార్లు తిరిగినా పోలమ్మ ఒక్కతే ఉంది, ఒక్క తలతో.