పందెం పడవ తెరచాప

మొదటి దెబ్బకే ఆమె పెదవి చిట్లింది.

"సూదితో ఎవరు కుట్టమన్నారే? ఇది గుడ్డ కాదు, ప్లాస్టిక్ ఫిల్మ్! కన్నం పడితే గాలికి బర్రున చిరుగుతుంది. టేపుతో అతికించమన్నానా, లేదా?" రిమోటుతో నడిచే బొమ్మ పడవ బుల్లి తెరచాపని ఆమె ముఖాన విసిరాడు మొగుడు.

"టేపు అంటుకోలేదండీ..."

"నోర్ముయ్!" జుట్టు పట్టుకుని తలని బల్లకేసి కొట్టాడు.

తూలి పడబోతూ ఆమె చేతికందినదాన్ని పట్టుకుంది. అది రేపటి పందేనికి అదే పడవకి ఆయన స్వయంగా కోసి అతికించుకున్న పెద్ద తెరచాప.

పైకి లేచిన పిడికిలి ఆమె ముక్కుకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

"ముందు దాన్ని మెల్లగా కింద పెట్టు," అన్నాడు, పసిబిడ్డని నిద్రపుచ్చుతున్నంత మెత్తగా. "ఫిల్మ్‌కి ఒకసారి మడత పడితే ఇక పోదు బంగారం."

కొట్టిన ప్రతిసారీ, కోపమొస్తే నా చెయ్యి నా మాట వినదే అని ఏడ్చేవాడు. ఇన్నేళ్ళూ ఆమె నమ్మింది. పాపం అనుకుంది కూడా.

గాల్లో కుదురుగా ఆగిన ఆ చేతిని తేరిపార చూసింది.

"బాగానే వింటోందే," అంది.

తెరచాపని గుండెలకి అడ్డం పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచి వీధి తలుపు తీసింది.

"జాగ్రత్తే! బయట గాలి!" అని అరిచాడు.