ఆలస్యంగా చేరిన అమ్మాయి

హైమవతి విస్తరి ముందునుంచి లేచిపోయింది.

ఆమె వెనకే మిగతా అమ్మాయిలూ లేచారు.

పంక్తి చివర, గుమ్మం పక్కన, కొత్తగా చేరిన కన్నమ్మ ఒక్కతే మిగిలింది. కలిపిన ముద్ద ఇంకా నోటిదాకా వెళ్లలేదు.

"ఏటైందమ్మా?" అంది.



బరంపురంలో ఆడపిల్లలకు పంతులమ్మ పని నేర్పే ట్రైనింగు స్కూలు హాస్టలు అది. కొత్త ఒరిస్సా రాష్ట్రం వచ్చి, ఊరు అందులో కలిసి ఏడాది దాటింది. స్కూలంతా ఒడియా సెక్షనుతోనే నిండిపోగా, తెలుగు సెక్షనుకు ఒక్క గది మిగిలింది.

హైమవతికి చిన్నతనంలోనే భర్త పోయాడు. దిగపహండిలో అత్తవారి వంటిల్లే లోకమైంది. మేనమామ రామచంద్రరావు ఆమె మామగారిని నానా విధాల బతిమాలి ఇక్కడ చేర్పించాడు.

"మధ్యలో మానేస్తే మళ్లీ ఈ పొయ్యి దగ్గరికే" అని ముందే చెప్పాడు మామగారు.

తెల్లారకముందే గంట. నూతి దగ్గర స్నానాలు. ప్రార్థన, పాఠాలు, సాయంత్రం కుట్టుపని. గంట ప్రకారం నడిచే ఆ రోజులు మిగతావాళ్లకు విసుగు. హైమవతికి మాత్రం ప్రాణం లేచొచ్చినట్టుండేది.

అలాంటిచోటికి, ఏడాది మధ్యలో, ప్రధానోపాధ్యాయిని భారతీదేవి ఈ కన్నమ్మను వెంటబెట్టుకొచ్చింది. గంజాం దగ్గర సముద్రపొడ్డు పల్లె. వలలు వేసేవాళ్ల పిల్ల. మిషను బళ్లో చదువుకుందట.

కన్నమ్మ వరండాలో పడుకునేది. నుయ్యి ముట్టుకోనిచ్చేవారు కాదు. బిందె పట్టుకుని దూరంగా నిలబడితే, బుద్ధి పుట్టినవాళ్లు పైనుంచి నీళ్లు పోసేవారు. హైమవతికి ఏనాడూ బుద్ధి పుట్టలేదు.

అయినా ఒడియా పాఠంలో హైమవతి తడబడితే, వెనక బల్లనుంచి కన్నమ్మే మాట అందించేది. హైమవతి ఆ మాట అందుకునేది. వెనక్కి తిరిగి చూసేది కాదు.

"ఇకనుంచి కన్నమ్మ కూడా లోపలే భోంచేస్తుంది" అని చెప్పి, భారతీదేవి పనిమీద కటకం వెళ్లింది.

ఆ పూటే అందరూ విస్తళ్లముందు లేచిపోయారు.

సాయంత్రం హైమవతి వరండాలోకి వచ్చింది.

"రేపు పొద్దున్నకల్లా నువ్వు వెళ్లిపోవాలి."

జడ అల్లుకుంటున్న కన్నమ్మ చెయ్యి ఆగింది.

"పెద్దమ్మగోరు ఒచ్చీదాకా ఉండాల గదమ్మా. నాను ఎల్లిపోతే..."

"ఏం మునిగిపోతుంది? నీతో కూర్చుని తింటున్నామని తెలిస్తే మావాళ్లు చదువు మానిపించేస్తారు. నువ్వుంటే మేమందరం ఇళ్లకు పోతాం."

"అందరునా?"

"అందరం."

కన్నమ్మ సగం అల్లిన జడను ముడేసుకుంది. ఏదో చెప్పబోయి మింగేసింది.

"మీరు ఎల్లకండమ్మా. ఎవులూ ఎల్లకండి. నానే ఎల్తాను. అమ్మగోరు ఇంకెవుల్నన్నా సూసుకుంటారు."

తెల్లారేసరికి వరండా ఖాళీగా ఉంది. ఎవరూ చెప్పకుండానే శుభ్రంగా ఊడ్చి ఉంది.

ఆ పూట హైమవతికి అన్నం సయించలేదు. కూరలో ఉప్పెక్కువైందనుకుంది.

మర్నాడు భారతీదేవి ఒక అధికారితో తిరిగొచ్చింది. ఆయన తెలుగు సెక్షను అమ్మాయిలను వరసగా నిలబెట్టి లెక్కపెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. భారతీదేవి ఎంత చెబుతున్నా ఆగకుండా గుర్రబ్బండి ఎక్కేశాడు.

ఆమె మెట్టుమీద కూలబడింది.

"కన్నమ్మేదీ?"



"నేనే పొమ్మన్నానండి" అంది హైమవతి.

భారతీదేవి తిట్టలేదు. తిడితే బాగుండునని హైమవతికి అనిపించింది.

"పదిమంది లేకపోతే తెలుగు సెక్షను ఎత్తేస్తామని సర్కారువారు అన్నారు. కన్నమ్మే పదోది. ఎత్తేశారు. పెట్టెలు సర్దుకోండి."

"మాకు ముందే చెప్పలేదేమండీ?"

"చెబితే, మూతపడే సెక్షనని మీవాళ్లు అప్పుడే తీసుకుపోయేవారు. అప్పుడూ ఇంతే."

"నేను వెళ్లి కన్నమ్మ కాళ్లు పట్టుకుంటానండి. తీసుకొస్తాను."

"ఇప్పుడు తెచ్చినా ఏ క్లాసులో కూర్చోబెట్టను?"

కబురంది, రెండోనాడు మధ్యాహ్నానికి దిగపహండినుంచి మామగారు వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు బయటే నిలబడి, "సామాను తెమ్మను" అన్నాడు.

హైమవతి పెట్టె పట్టుకుని భారతీదేవి గదిముందు ఆగింది.

"నా చదువు ఎలాగూ పోయింది. కన్నమ్మ చదువు కూడా పోగొట్టానండి."

భారతీదేవి కిటికీవైపు తిరిగింది.

"కన్నమ్మ చదువుకోడానికి రాలేదమ్మా. వాళ్ల పల్లె బడికి తనే పంతులమ్మ. ఒక్కరు తక్కువైతే మీ చదువులు ఆగిపోతాయని నేను చెబితే, ఆ ఉద్యోగం ఇంకొకరికి వదిలేసి వచ్చింది."