పేరు పెట్టి పిలవమన్నాడు

మా వీధికి కరెంటు దీపాలొచ్చిన ఏడాది, నేను కూడబలుక్కుని చదివిన పత్రికలో డాల్ఫిన్ల బొమ్మ చూసి, వాటిని చూడాలని మా ఆయన పట్టుబట్టాడు. చీరాల మగ్గం గుంట దాటి ఎరగని మనిషి. వాడరేవులో పోలయ్య అనే జాలరి మమ్మల్ని తన పడవ ఎక్కించుకున్నాడు.

"మీ నూలు కంటే మా నీళ్లు మెత్తన, పెదనాన్నా!"

పొద్దుగూకేవేళ డాల్ఫిన్లు వచ్చాయి. పైకి లేచి, మనిషిలాగే ఊపిరి వదిలి మునిగాయి. నా వెనక కూర్చుని ఆయన పసివాడిలా నవ్వాడు.

తిరిగి వస్తుంటే చీకటి పడింది. నూలు దుమ్ముకు ఆయన ఊపిరి పిల్లికూతలు కూసేది. అది వింటేనే నాకు నిద్ర పట్టేది. ఇప్పుడా కూత నీళ్లలోంచి వినిపించింది.

చెయ్యి వెనక్కి చాపాను. కండువా ఒక్కటే తగిలింది. ఇంకా వెచ్చగా ఉంది.

"ఏమండీ!" అని కేక వేశాను.

"ఆఁ" అని ఎడమవైపు నీళ్లు పలికాయి. కుడివైపు నుంచి ఇంకో గొంతు, "ఆఁ."

పోలయ్య తెడ్డు ఆపేశాడు. "అట్టా పిలవమాకండి పెద్దమ్మా. ఇక్కడ మునిగినోళ్లంతా ఎవరో ఒకరి మొగుళ్లే. పేరు పెట్టి పిలవండి."

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మ చెప్పేది. పెళ్లినాడు గడప దగ్గర ఆపి అడిగితే చెప్పానే గానీ, మళ్లీ పలకలేదు.

"చలమయ్యా!" అని అరిచాను.

పిల్లికూత ఆగిపోయింది.

మిగతా గొంతులు మాత్రం "ఆఁ, ఆఁ" అంటూ పడవ దగ్గరికి వస్తున్నాయి.