కాలమ్‌లో నల్లపొడి

మెషీన్‌కు తను పెట్టని స్టీలు గొట్టం బిగించి ఉంటే, లిదియా మూత విప్పింది. తెల్లపొడికి బదులు నల్లటి మసి రాలింది.



ఆర్మూర్ మార్కెట్ పక్కనున్న ఆ ల్యాబులో పసుపు పరీక్షలకు ఆమె సంతకమే ఆఖరు. పసుపు రసంలో కలిసినవన్నీ ఈ గొట్టంలోంచి పోతూ దేనికది విడిపోయి, గ్రాఫులో ఒక్కోటి ఒక్కో గుట్టగా కనబడాలి. ఆ గొట్టాన్నే కాలమ్ అంటారు. అందులో తెల్లటి సిలికా తప్ప ఇంకోటి ఆమె ఎన్నడూ చూడలేదు.

"దేవిదాస్! గిదేంది?"

నాలుగు రోజుల కిందట సీసాలు కడగడానికి చేరిన పెద్దాయన పరుగున వచ్చాడు. నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"అయ్యో, విప్పిండ్రా మేడం! ఇగ గది పనిజెయ్యది."

"మెషీన్ల బొగ్గు కూరినవా?"

"కార్బన్ మేడం. సిలికాకు చిక్కంది దీనికి చిక్కుతది. పొద్దుగాల అంగన్‌వాడీల పసుపుపొడికి సంతకం పెట్టిండ్రు గదా, గా లారీ ఆపుండ్రి. అండ్ల రంగు కలిసింది. పిల్లలు తింటరు."

"నా పరీక్షల దొరకంది సీసాలు కడిగెటోనికి దొరికిందా? ఎవడు పంపిండు నిన్ను? పోటీ మిల్లోడా?"

దేవిదాస్ తల దించుకున్నాడు. ఆమె పోలీస్ స్టేషనుకు ఫోన్ కొట్టింది.

కబురందుకుని కానిస్టేబుల్ భూమేష్ వచ్చి రెక్క పట్టుకున్నాడు.

"నడువు తాతా. నీ సైన్సు మా సారుకు చెప్దువు."

వాళ్ళు వెళ్ళాక ప్రింటర్ దగ్గర రెండు కాగితాలు కనబడ్డాయి. నల్లపొడి మీద తీసిన గ్రాఫులు. ఆలూర్ రైతు తెచ్చిన కల్తీలేని పసుపు కొమ్ములకు మూడు గుట్టలు. లారీ సరుకుకు నాలుగు.

నాలుగోది మసి వల్ల వచ్చిందా? అలాగైతే కొమ్ముల్లోనూ రావాలి కదా!

తన పొద్దుటి గ్రాఫు పక్కన పెట్టి చూసింది. మూడే. అంటే, నాలుగోది మూడో గుట్ట చాటున నక్కింది.

ఇంకోసారి చూద్దామంటే నల్లపొడి నేలపాలైంది.

లారీ డ్రైవరుకు ఫోన్ కొట్టింది. "ఏడున్నవ్?"

"భీమ్‌గల్ల మేడం. దించుతున్నం."

"ఒక్క సంచి దించొద్దు! నా సంతకం తప్పు."

ఆటో పట్టుకుని స్టేషనుకు ఉరికింది. భూమేష్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఒప్పుకున్నడు మేడం. కాగితం మీద రాసిచ్చిండు."

"మనిషేడి?"

"జీపెక్కించి నిజామాబాద్ కోర్టుకు తోలినం."

ఆమె కాగితం లాక్కుంది. ముత్యాల్లాంటి అక్షరాలు.

"నేరం నాదే. మేడం రోజూ చేసే సిలికా పరీక్షను పన్నెండేళ్ళ కిందట తయారుచేసిన శాస్త్రవేత్తను నేను. ఈ రంగు దాని కన్నుగప్పుతుందని రిటైరయ్యాక తెలిసింది. నా పేరు చెప్పుకోవడానికి సిగ్గేసి, కార్బన్ గొట్టంతో నిజం తేల్చడానికి సీసాలు కడిగే పనికి చేరాను."