సగం వాక్యాల చీటీలు

“ఇవాళ కూడా ఖాళీ చీటీయేనా?”

మాస్టారి గొంతు వినగానే క్లాసులో గుసగుసలు ఆగిపోయాయి.

వెనక బెంచీలోంచి పెద్దాయన లేచి నిలబడ్డాడు. నెరిసిన జుట్టు, మందపాటి కళ్లద్దాలు. క్లాసులు మొదలైన మూడోవారంలో వచ్చి చేరాడు. ఇంగ్లిషు సర్టిఫికెట్ పరీక్షకు వయసుతో పనిలేదు నిజమే కానీ, కుర్రకారు మధ్య ఆయనకేం పనో ఎవరికీ అంతుపట్టలేదు.

మాస్టారిది ఒక పద్ధతి. క్లాసు అయిపోగానే తలా ఒక చీటీ ఇస్తాడు. దాని మీద సగం ఇంగ్లిషు వాక్యమే ఉంటుంది. ‘బస్సు ఆలస్యమైంది కాబట్టి’, ‘నేను తలుపు తీసేసరికి’... ఇలా మధ్యలో తెగిపోయినవి. తనంతట తాను నిలవలేని ఆ డిపెండెంట్ క్లాజుకు, సొంత కాళ్ల మీద నిలబడే ఇండిపెండెంట్ క్లాజు ఒకటి అతికించి మర్నాడు తేవాలి.

ఈయన ఒక్కరోజూ నింపి తేలేదు.

“డిపెండెంట్ క్లాజు అంటే ఏమిటో అర్థం కాలేదన్నారుగా? ఇదిగో, మీ వెనకే నిలబడింది చూసుకోండి. పక్కన ఒకరి ఆసరా లేనిదే ముందుకు సాగదు!” అన్నాడు మాస్టారు పిల్లలతో.

క్లాసు ఘొల్లుమంది. పెద్దాయన కూడా నవ్వాడు. ఆ నవ్వుకే మాస్టారికి ఒళ్లు మండింది.

ఆ మంట వెనక భయం ఉంది. ఇది మూడో ఉద్యోగం. మొదటి రెండు చోట్లా ఆర్నెల్లు తిరక్కుండానే పొమ్మన్నారు. ఇక్కడ చేరిన రోజే డైరెక్టరు చెప్పేశాడు, “నూటికి ఎనభై మంది పాసవ్వాలి. లేదంటే మీ దారి మీది” అని. ఇదీ ఊడితే మామగారి కొట్లో పొట్లాలు కట్టుకోవడమే. ఆ మాట మామగారు అప్పటికే రెండుసార్లు అననూ అన్నాడు.

అదృష్టం కొద్దీ బ్యాచి పుంజుకుంది. మొదట్లో క్లాజు అంటే తెల్లమొహం వేసినవాళ్లే రెండో నెలకల్లా చీటీలు చకచకా నింపి తెచ్చారు. మాస్టారు భార్య ముందు కాలరెగరేశాడు.

“అంతా నా చీటీల మహిమే!”

పరీక్ష మూడు వారాల్లోకి వచ్చింది. ఫెయిలయ్యేలా ఉన్నవాళ్ల పేర్లు ముందే కొట్టేయడం ఆ కోచింగ్ సెంటర్లో రివాజు. పోస్టరు మీద పాసు శాతం కళకళలాడాలి కదా మరి. మాస్టారు ఎర్ర పెన్ను తీసి ఒకే ఒక్క పేరు కొట్టేశాడు.

“రేపట్నుంచి మీరు రానక్కర్లేదు.”

“మూడు వారాలే కదండీ మాస్టారూ. ఓ మూల కూర్చుంటాను.”

“మీ ఒక్కరి కోసం నా రిజల్టు పాడుచేసుకోలేను.”

“పరీక్ష రాయన్లెండి. పిల్లలకి ఆ క్లాజుల పాఠం ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదు. అది కాస్త కుదిరేదాకా...”

“నా పాఠం ఒంటబట్టిందో లేదో మీరు చెప్తారా నాకు?”

పెద్దాయన గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగిపోయాడు.

పరీక్ష దగ్గరపడేకొద్దీ చీటీల మీద వాక్యాలు పెద్దవయ్యాయి. ఒకదానిలో ఒకటి మెలిక పడ్డాయి. చీటీలు ఖాళీగా రావడం మొదలైంది. మొదటిరోజు ఒకటి, తర్వాత అయిదు, ఆ తర్వాత పన్నెండు.

“ఏం మాయరోగం వచ్చింది మీకు?” అని అరిచాడు మాస్టారు.

ముందు బెంచీ అమ్మాయి తల వంచుకుంది.

“తాతగారు రావట్లేదు కదండీ.”

“ఆయనకీ దీనికీ ఏం సంబంధం?”

“రోజూ క్లాసుకి గంట ముందు మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పేవారండీ. సగం చదివి ఆపమనేవారు. ‘అయితే ఏంటట?’ అని అడగాలనిపిస్తే అది డిపెండెంటు, అడగాలనిపించకపోతే ఇండిపెండెంటు అనేవారు. అలా అర్థమయిందండీ. మీరు బోర్డు మీద రాసింది మాత్రం...”

ఆ పిల్ల అక్కడితో ఆపేసింది.

“అంత తెలిసినాయన తన చీటీ తను రాసుకోలేడా?”

“ఆయనకి అక్షరాలు కనబడవండీ. మా చీటీలు మేమే చదివి వినిపించేవాళ్లం.”

మాస్టారు వెళ్లి ఆయన్ని బతిమాలి తీసుకొద్దామనుకున్నాడు. రిజిస్టర్లో అడ్రసు ఉంది, నడిచి వెళ్లేంత దూరమే. అభిమానం అడ్డొచ్చింది. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూండగానే పరీక్ష వచ్చి పడింది.

నూటికి నలభై మంది పాసయ్యారు.

నెలకోసారి కనబడే డైరెక్టరు, రిజల్టు తెలిసిన పూటే దిగాడు. టేబులు మీద జాబితా పరిచి, ఎర్ర గీత మీద వేలు పెట్టాడు.

“ఈ పేరు ఎవరు కొట్టేశారు?”

“నేనేనండీ. ఫెయిలవుతాడని...”

“ఆయనా? పద్దెనిమిదేళ్లు ఈ గదిలో ఇంగ్లిషు చెప్పిన మనిషండీ! చూపు మందగించి మానుకున్నారు.”

మాస్టారు జాబితా తన వైపు తిప్పుకున్నాడు.

“మరి నాకు ఒక్క మాట చెప్పలేదేమండీ?”

“ఆయనే చెప్పొద్దన్నారు. మీరు చేరిన పదిహేను రోజులకే పిల్లలు వచ్చి నా దగ్గర గోల పెట్టారు. కొత్తాయన్ని పంపించేస్తాను, నోటిపాఠమైనా సరే, మళ్లీ మీరే వచ్చి చెప్పండని ఆయన కాళ్లావేళ్లా పడ్డాను.”

“ఆయనేమన్నారు?”

ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు రాసిన కాగితాన్ని డైరెక్టరు మాస్టారి ముందుకు తోశాడు.

“‘ఆ అబ్బాయిని తీసేయకండి, నిలదొక్కుకునేదాకా నేను వెనక బెంచీలో కూర్చుంటాను’ అన్నారు.”