నోరొక్కటీ నాకివ్వండి

"చెవులు రెండూ ఇటివ్వండి, చేతులు రెండూ ముడవండి, నోరొక్కటీ నాకివ్వండి!"

మైకులో ఆ మాట వినపడగానే హాల్లో గోల చేస్తున్న పాతికమంది పిల్లలూ కిక్కురుమనకుండా కూర్చున్నారు.

పుట్టినరోజు పార్టీల్లో ఆటలాడించే అతన్ని అందరూ గలగల మాస్టారంటారు. ఇరవై ఏళ్లుగా ఏ పార్టీ అయినా ఈ మాటతోనే మొదలుపెడతాడు. తన ఆటలో నోరు విప్పకుండా ఇంటికెళ్లినవాడు ఇంతవరకూ పుట్టలేదని అతని గొప్ప.

ఆ ఇంటివాళ్లు ఆ వీధికి కొత్త.

"మా అమ్మాయి కొత్త బళ్లో పెదవి విప్పడం లేదట మాస్టారూ. ఇవాళ ఒక్క స్నేహితురాలు దొరికినా చాలు" అంది ఇల్లాలు, పిల్ల తల నిమురుతూ.

"ఆ సంగతి నాకొదిలెయ్యండమ్మా!"

ఊరికే అనలేదు. ఇంతటి వాగుడుకాయకీ చిన్నప్పుడు నత్తి. పేరు చెప్పేలోగా క్లాసు క్లాసంతా నవ్వేది. పక్కింటివాళ్లు పారేయబోయిన పాత క్యాసెట్ ఒకటి వాళ్లమ్మ అడిగి తెచ్చింది. అట్ట మీద చిలక బొమ్మ తప్ప పేరూ లేదు, ఊరూ లేదు. లోపల పిల్లల ఆటలు చెప్పే ఒక ఆడమనిషి గొంతు. ఒక మాట చెప్పి ఆగేది. అతనెంత తడబడినా పూర్తిచేసేదాకా ఆగినట్టే ఉండేది. చివర "భేష్!" అనేది.

రెండేళ్లకి టేపు అరిగి తెగిపోయింది. అప్పటికి నత్తీ పోయింది. ఆవిడెవరో తెలిస్తే కాళ్లకు దండం పెట్టాలని ఎన్నిచోట్ల వాకబు చేశాడో! ఎవరికీ తెలియదు.

"మొదటి ఆట!" అన్నాడు మాస్టారు. "మైకు చేతికొస్తే, మీ గురించి ఎవరికీ తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మూడు లెక్కపెట్టేలోగా చెప్పకపోతే ఔట్. పెద్దవాళ్లకీ అదే రూలు!"

"నేను పళ్లు తోముకోకుండానే తోముకున్నానని చెప్తా" అన్నాడొక బొద్దు పిల్లాడు.

"మా తాతయ్య పళ్లు గ్లాసులో పడుకుంటాయి!"

"అది తాతయ్య సంగతి కదే, నీ సంగతి చెప్పు!"

హాలంతా గొల్లుమంది.

మైకు పుట్టినరోజు పిల్ల చేతికొచ్చింది. పిల్ల కొయ్యబారిపోయింది.

"ఒకటి... రెండు..."

మూల కుర్చీలో, మెడకు సిల్కు గుడ్డ చుట్టుకున్న పెద్దావిడ లేచి నిలబడి అరచెయ్యి చూపించింది, ఆగమన్నట్టు.

మాస్టారి నోట్లో 'మూడు' ఆగిపోయింది.

ఆవిడ పిల్లనే చూస్తూ నిలబడింది. తొందర లేదు, విసుగు లేదు.

"నాకు... చీకటంటే భయం" అంది పిల్ల, చాలాసేపటికి.

"నాక్కూడా!" అని అరిచింది రెండు జడల పిల్ల ఒకతె. జరిగి, తన పక్కన చోటిచ్చింది.

ఇల్లాలు కళ్లు తుడుచుకుంటూ ప్లేట్లు సర్దడానికి లోపలికెళ్లింది.

మాస్టారికి మాత్రం చురుక్కుమంది. ఎవరో వచ్చి తన ఆట ఆపడమా! ఇందాక మొదటి మాట అంటున్నప్పుడూ చూశాడు, ఈవిడ తనతోపాటే పెదవులు కదిపింది. వెక్కిరిస్తోందనుకున్నాడు.

నేరుగా వెళ్లి మైకు ఆవిడ ముందు పెట్టాడు.

"ఇప్పుడు మీ వంతు బామ్మగారూ!"

ఆవిడ నవ్వి తల అడ్డంగా ఊపింది. సంచిలోంచి కాగితం, పెన్నూ తీసి నాలుగు ముక్కలు రాసింది. మడిచి అతని చేతికిచ్చింది.

"చీటీలు చెల్లవండీ. నోటితోనే చెప్పాలి. ఏం, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

పిల్లలు పకపకా నవ్వారు.

"ఒకటి, రెండు, మూడు! బామ్మగారు ఔట్!"

చీటీ విప్పకుండానే జేబులో కుక్కుకున్నాడు. ఆవిడ ముఖంలో నవ్వు ఒక్క క్షణం తగ్గింది. మళ్లీ సర్దుకుని కూర్చుంది. ఆ తర్వాతి ఆటలన్నిటికీ అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆవిడే.

పార్టీ అయిపోయింది. రెండు జడల పిల్లా, పుట్టినరోజు పిల్లా పగలని బుడగల కోసం మంచాల కింద దూరి వెతుకుతున్నారు.

"మీ చలవ మాస్టారూ, మా పిల్ల మాట్లాడింది!" అంది ఇల్లాలు.

తనది కాని గొప్ప తీసుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

"నా చలవేం లేదమ్మా. మూల కూర్చున్న ఆ పెద్దావిడ నన్ను ఆపారు కాబట్టి సరిపోయింది. ఎవరమ్మా ఆవిడ? ఎంత అడిగినా పలకరేం?"

"మా పెద్దత్తయ్య. గొంతు ఆపరేషనై మూడేళ్లయింది, మాట రాదు. మీకు ముందే చెప్పాల్సింది, హడావిడిలో మర్చిపోయాను."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. మాట పెగలని మనిషిని నలుగురిలో నిలబెట్టి నవ్వించాడు. అదీ, తను!

"ఎక్కడున్నారమ్మా? ఒక్కసారి కనపడి క్షమించమని అడగాలి."

"అయ్యో, రైలుకి టైమైందని ఇందాకే వెళ్లిపోయారే!"

అతను వాకిలి మెట్ల మీద కూర్చున్నాడు. జేబులో చెయ్యి పెడితే ఈలకీ బుడగలకీ మధ్య నలిగిపోయిన చీటీ తగిలింది.

మోకాలి మీద పెట్టి మడతలు సాపు చేసి చదివాడు.

'చిలక బొమ్మ క్యాసెట్‌లో "నోరొక్కటీ నాకివ్వండి" అన్నది నేనే బాబూ. నా గొంతు పోయిందని మూడేళ్లుగా బాధపడుతున్నాను, నీ దగ్గర భద్రంగా ఉందని ఇవాళే తెలిసింది.'